గేమ్‌లో కరెంట్ ట్రాప్ ఎలా తయారు చేయాలి: నిజం ఎంత ఉండాలి, ఆట ఎంత ఉండాలి

నిజ జీవితంలో కరెంటు కంటికి కనిపించదు, చెప్పి రాదు, గట్టిగా తగిలితే రెండో అవకాశం ఇవ్వదు. గేమ్‌లో ట్రాప్‌కి కావలసింది దీనికి పూర్తిగా తిరగేసిన విషయం. ప్లేయర్ దాన్ని చూడాలి, రాబోతోందని ముందే పసిగట్టాలి, తగిలితే ఎందుకు తగిలిందో అర్థం చేసుకుని మళ్లీ ప్రయత్నించాలి. ఉన్నది ఉన్నట్టు పెడితే ఎవరూ ఆడలేరు. అలాగని భౌతికశాస్త్రాన్ని పూర్తిగా పక్కన పెట్టేస్తే మిగిలేది నీలం రంగు మంట. దాని స్థానంలో ముళ్లు పెట్టినా, లావా పెట్టినా తేడా తెలియదు.

ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అంకెల్లో ఎంత స్వేచ్ఛ కావాలంటే అంత తీసుకోండి, సంబంధాల్లో మాత్రం తీసుకోకండి. ఎన్ని వోల్టులు, ఎన్ని సెకన్లు, ఎంత నష్టం అనేవి మీ ఇష్టం. కరెంటు ఎక్కడి నుంచో రావాలి, దేని గుండానో పారాలి, దారి తెగితే ఆగాలి అనే మూడింటిని మాత్రం కదపకండి. ప్లేయర్‌కి కరెంటు గురించి ముందే తెలిసింది ఈ మూడే. ఆ తెలివిని వాడుకోనిస్తే ట్రాప్ బాగుంటుంది, వాడుకోనివ్వకపోతే మోసంలా అనిపిస్తుంది.

1. ట్రాప్ ప్లేయర్‌ని ఏం అడుగుతోందో ఒక్క వాక్యంలో రాసుకోండి

గేమ్ ఇంజిన్ (గేమ్ తయారు చేసే సాఫ్ట్‌వేర్) తెరవకముందే ఈ పని చేయండి. కరెంట్ ట్రాప్‌లు ఎక్కువగా మూడు రకాల ప్రశ్నలు అడుగుతాయి.

మొదటిది "ఎప్పుడు దాటాలి?" 2010లో వచ్చిన లింబోలో నియాన్ బోర్డు అక్షరాల మీదుగా దాటే ఘట్టం ఇలాంటిదే. కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, లేని క్షణం చూసి కదలాలి. రెండోది "ఇది ఎక్కడి నుంచి వస్తోంది?" 1998 నాటి మెటల్ గేర్ సాలిడ్‌లో నేలంతా కరెంటు పారే చోటు ఒకటి ఉంది. అక్కడ ప్లేయర్ తను నడపగలిగే క్షిపణిని పంపి స్విచ్‌బోర్డును పేల్చాలి. మూడోది "దీన్ని నేను ఎవరి మీద వాడగలను?" 2007లో బయోషాక్ దీన్ని చాలా సూటిగా చూపించింది. శత్రువులు నీళ్లలో నిలబడి ఉన్నప్పుడు ఆ నీళ్లలోకి కరెంటు వదిలితే అందరికీ ఒకేసారి తగులుతుంది.

మీ ట్రాప్ ఏ ప్రశ్న అడుగుతోందో తేల్చుకోండి. గేమ్‌లో కరెంటు మొదటిసారి కనిపించే గదిలో ఒక్క ప్రశ్నే ఉండాలి. టైమింగ్ చూసుకుంటూ మూలం కూడా వెతకమంటే, ప్లేయర్ ఏ ప్రయత్నం వల్ల తప్పించుకున్నాడో అతనికే తెలియదు.

2. కాగితం మీద సర్క్యూట్ గీయండి

మూలం, దారి, ప్లేయర్ శరీరం పూడ్చే ఖాళీ, కరెంటు మళ్లీ మూలానికి చేరే తిరుగు దారి: ఈ నాలుగూ కాగితం మీద ఉండాలి. జనరేటరో, ట్రాన్స్‌ఫార్మరో, తెగిన కేబులో ఒకటి మూలం. ఇనుప నేల గానీ, నీళ్లు గానీ, రెయిలింగ్ గానీ దారి. తిరుగు దారిని గేమ్‌లో చూపించనక్కర్లేదు, మీకు తెలిస్తే చాలు. అది తెలిస్తే ట్రాప్ ఎక్కడ పని చేయాలో, ఎక్కడ చేయకూడదో మీకే తడుతుంది.

నేను పాటించే నియమం ఇది. ప్లేయర్ చచ్చిపోయే చోట నిలబడి కెమెరా తిప్పితే, ఒక్క కేబులైనా మూలం వరకూ కంటికి అందాలి. ఆ కేబుల్ లావుగా ఉండాలి, మధ్యలో పెట్టెల వెనక మాయం కాకూడదు, గోడలోకి దూరితే అవతలి గదిలో అదే ఎత్తులో బయటికి రావాలి. ట్రాప్‌ని ఆపే వీలుంటే స్విచ్ అక్కడే కనిపించాలి. ఆపే వీలు లేకపోతే ఆ చుట్టుపక్కల అలంకారానికి కూడా లీవర్ పెట్టకండి. ప్లేయర్ పది నిమిషాలు దాన్నే లాగుతూ కూర్చుంటాడు.

ఒకే వైరు మీద వాలిన పక్షికి షాక్ ఎందుకు కొట్టదో మనకు తెలుసు. దాని రెండు కాళ్ల మధ్య చెప్పుకోదగ్గ వోల్టేజీ తేడా లేదు, కాబట్టి దాని ఒంట్లోంచి కరెంటు పారదు. అదే పక్షి రెక్క చాచి వైరునీ ఇనుప స్తంభాన్నీ ఒకేసారి తాకితే దారి పూర్తవుతుంది. ఈ ఒక్క సంగతిలో మంచి పజిల్ ఉంది. వైరుకి వేలాడుతూ పోవచ్చు, కానీ స్తంభానికి తగలకూడదు. ఇది ప్లేయర్‌కి నేర్పడానికి మాటలు అక్కర్లేదు, ముందు గదిలో ఒక పక్షిని ఆ వైరు మీద కూర్చోబెట్టండి. అయితే ఈ పజిల్‌ని రోబో పాత్రలకే ఇవ్వండి. మనిషి పాత్రతో, అందులోనూ పిల్లలు ఆడే గేమ్‌లో, వైరు పట్టుకుని వేలాడటం చూపించకూడదని నా అభిప్రాయం. ఈ మాట మళ్లీ చివర్లో వస్తుంది.

3. నిజం ఎలా ఉంటుందో తెలుసుకుని, దేన్ని వదిలేయాలో ఎంచుకోండి

దేన్ని మారుస్తున్నారో తెలియకుండా మార్చకూడదు. అందుకే కొన్ని అంకెలు దగ్గర పెట్టుకోండి. ఇళ్లలో ఉండే ఏసీ కరెంటు (దిశ మారుతూ పారేది) ఒంట్లోంచి దాదాపు 1 మిల్లీయాంపియర్ పారితే జలదరింపు తెలుస్తుంది. 10 మిల్లీయాంపియర్లు దాటే సరికి చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టు వదలదు. 50 నుంచి 100 మిల్లీయాంపియర్లు ఒకటి రెండు సెకన్లు ఛాతీ గుండా పారితే గుండె లయ తప్పవచ్చు. చర్మం పొడిగా ఉన్నప్పుడు శరీర నిరోధం వేల ఓమ్‌ల నుంచి లక్ష దాకా ఉంటుంది, తడిస్తే 1,000 ఓమ్‌ల చుట్టుపక్కలకి పడిపోతుంది. వోల్టుల్ని ఓమ్‌లతో భాగిస్తే కరెంటు వస్తుంది, ఇదే ఓమ్ నియమం: 230 వోల్టులు, 1,000 ఓమ్‌లు అనుకుంటే 230 మిల్లీయాంపియర్లు. అంటే తడి చేత్తో మామూలు ఇంటి వైరు ముట్టుకున్నా ప్రాణం పోవచ్చు.

గేమ్‌లో "తగిలితే 20 శాతం హెల్త్ పోతుంది" అనడం ఈ లెక్కన పచ్చి అబద్ధం. అయినా పెట్టండి. ఒక్క దెబ్బకే చంపే ట్రాప్ కావాలంటే అదీ పెట్టవచ్చు, కానీ అప్పుడు చెక్‌పాయింట్ (చచ్చాక ఆట మళ్లీ మొదలయ్యే చోటు) ట్రాప్‌కి నాలుగడుగుల దూరంలోనే ఉండాలి. ప్లేయర్‌కి ఎంత తగలాలన్నది మీ గేమ్ వేగం తేలుస్తుంది, ఓమ్ నియమం తేల్చదు.

మెరుపుల విషయమూ అంతే. పొడి గాలిని చీల్చుకుని నిప్పురవ్వ దూకాలంటే మిల్లీమీటరుకి దాదాపు 3,000 వోల్టులు కావాలి, సెంటీమీటరుకి 30,000. ఈ లెక్కన రెండు స్తంభాల మధ్య 2 మీటర్ల నీలి మెరుపుకి 60 లక్షల వోల్టులు కావాలి. ఏ ప్లేయరూ ఈ లెక్క వేయడు. కానీ పక్కనే ఇనుప కడ్డీ ఉండగా మెరుపు దాన్ని వదిలేసి చెక్క పెట్టె మీదికి దూకితే మాత్రం గమనిస్తాడు. అంకె తప్పినా పర్వాలేదు, సంబంధం తప్పకూడదు అన్నది అందుకే.

టైమింగ్ ట్రాప్‌లకి ఇంకో చిక్కుంది. మెయిన్ లైన్ కరెంటు మూడు సెకన్లకోసారి వచ్చిపోదు కదా, మరి మీ నేల ఎందుకు ఆగి ఆగి మెరుస్తోంది? దీనికి కారణం చూపిస్తే ట్రాప్ బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. నిజంగా ఆగి ఆగి పనిచేసేవి మూడున్నాయి. పశువుల కోసం వేసే విద్యుత్ కంచె దాదాపు సెకనుకోసారి, సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు, కొన్ని వేల వోల్టుల పల్స్ పంపుతుంది. కెపాసిటర్, అంటే చార్జ్‌ని నిలవ చేసే పరికరం, మెల్లగా చార్జ్ అయి ఒక్కసారిగా వదిలేస్తుంది. ఇక మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: ఇంగ్లీషు 'వి' ఆకారంలో నిలబెట్టిన రెండు కడ్డీలు, వాటి మధ్య మెరుపు. దీన్ని జేకబ్స్ ల్యాడర్ అంటారు. కింద, కడ్డీలు దగ్గరగా ఉన్నచోట మెరుపు పుడుతుంది. దాని వేడికి గాలి పైకి లేస్తుంది, గాలితో పాటు మెరుపూ పైకి పాకుతుంది, పైన దూరం ఎక్కువై తెగిపోతుంది, మళ్లీ కింద పుడుతుంది. అంటే మెరుపు ఎంత ఎత్తుకి చేరిందో చూస్తే ఇంకెంత సమయం ఉందో ప్లేయర్‌కి తెలిసిపోతుంది. గడియారం గీయకుండానే గడియారం పెట్టినట్టు. ఇలాంటి చోట వాస్తవం ఆటకి అడ్డు రాదు, దానికి పని చేసిపెడుతుంది.

4. టైమింగ్ లెక్క వేయండి

ఒక ట్రాప్‌ని మొదటి నుంచి చివరి దాకా కట్టి చూద్దాం. 6 మీటర్ల ఇనుప జాలీ నేల, ఆగి ఆగి కరెంటు పారుతుంది. మీ పాత్ర సెకనుకి 5 మీటర్లు పరిగెడుతుందనుకోండి. దాటడానికి 1.2 సెకన్లు.

ట్రాప్ చక్రం 3 సెకన్లు పెట్టండి. 1 సెకను కరెంటు ఉంటుంది. తర్వాత 1.4 సెకన్లు పూర్తిగా ఆగుతుంది. ఆ తర్వాత 0.6 సెకను హెచ్చరిక: చిన్న చిన్న రవ్వలు, సన్నగా పైకి లేచే శబ్దం. హెచ్చరిక సమయంలో నేల మీద ఉన్నా ఏమీ కాదు. అంటే మొత్తం 2 సెకన్లు దొరుకుతాయి. కళ్లకి కనిపించినదానికి మనిషి స్పందించడానికి పావు సెకను పడుతుంది. 0.25 ప్లస్ 1.2 అంటే 1.45. ఇంకా 0.55 సెకను మిగులుతుంది. మొదటి గదికి ఇంత వెసులుబాటు సరిపోతుంది. ప్లేయర్ కాస్త తడబడినా దాటేస్తాడు, కానీ గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంటుంది.

తర్వాతి గదుల్లో కష్టం పెంచాలనుకుంటే ఆగి ఉండే సమయాన్ని తగ్గించండి, హెచ్చరికని తగ్గించకండి. 1.4ని 1.0 చేస్తే వెసులుబాటు 0.15కి పడిపోతుంది, అదే చాలా కఠినం. హెచ్చరిక 0.4 సెకను కన్నా తగ్గితే దానికి అర్థమే ఉండదు. అది చూసి స్పందించేలోపే షాక్ తగులుతుంది కాబట్టి ప్లేయర్ దాన్ని హెచ్చరికగా కాక శిక్షగా చూస్తాడు.

నేలని 9 మీటర్లకి పెంచితే? దాటడానికే 1.8, స్పందనతో కలిపి 2.05. దొరికేది 2. అంటే అసాధ్యం. ఇక్కడ సమయాన్ని సాగదీయకుండా మధ్యలో ఒక చెక్క పలకో, రబ్బరు చాపో వేయండి. ప్లేయర్ దాన్ని చూడగానే "అక్కడ ఆగొచ్చు" అనుకుంటాడు. ఎవరూ చెప్పనక్కర్లేదు, రబ్బరు సంగతి అతనికి ముందే తెలుసు. సంఖ్యల సమస్యకి వస్తువుతో జవాబు ఇచ్చినప్పుడు గదికి కూడా కొత్త లయ వస్తుంది: పరుగు, ఆగు, పరుగు.

ఇక ఫ్రేముల సంగతి, అంటే తెర మీద వెంటవెంటనే మారే బొమ్మలు. సెకనుకి 60 ఫ్రేముల గేమ్‌లో ఒక్కో ఫ్రేమ్ దాదాపు 16.7 మిల్లీసెకన్లు. మెరుపు తెర మీద కనిపించిన 4 ఫ్రేముల తర్వాత నష్టం మొదలవ్వాలి, మెరుపు ఆగడానికి 4 ఫ్రేముల ముందే నష్టం ఆగాలి. హిట్‌బాక్స్ (తాకితే దెబ్బ తగిలినట్టు గేమ్ లెక్కించే ప్రాంతం) కూడా వెలుగు కన్నా 10 నుంచి 15 శాతం చిన్నదిగా ఉండాలి. కరెంటు ఉన్నప్పుడు తగలకపోతే ప్లేయర్ "అబ్బ, తప్పించుకున్నా" అనుకుంటాడు. కరెంటు ఆగాక తగిలితే గేమ్ తీసేస్తాడు. ఈ రెండు పొరపాట్లూ ఒకటి కావు, మొదటిదాని వైపే ఒరగండి.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. లెవెల్ లోడ్ అయినప్పుడు టైమర్ మొదలుపెట్టకండి. ప్లేయర్ గదిలోకి అడుగుపెట్టగానే చక్రం కరెంటు ఉన్న దశతో మొదలవ్వాలి. అప్పుడు అతను మొదట చూసేది మెరిసే నేల. ఆగి ఉన్న దశలో ప్రవేశిస్తే అది మామూలు నేల అనుకుని నేరుగా నడిచేస్తాడు, ఆ మొదటి దెబ్బకి తప్పు అతనిది కాదు. చచ్చి తిరిగొచ్చినప్పుడు కూడా చక్రం అదే చోట మొదలవ్వాలి.

5. నీళ్ల దగ్గర ఆగి ఆలోచించండి

కరెంట్ ట్రాప్ అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది నీళ్లే. వాస్తవానికీ ఆటకీ దూరం బాగా ఎక్కువ ఉన్నదీ ఇక్కడే.

శుద్ధమైన నీటిలో కరెంటు సరిగా పారదు. అందులో కరిగిన లవణాలే కరెంటుని మోస్తాయి. సముద్రపు నీటి వాహకత మామూలు మంచినీటి కన్నా వంద రెట్లు, అంతకు మించీ ఉంటుంది. విచిత్రం ఏమిటంటే మనిషికి మంచినీరే ఎక్కువ ప్రమాదం. మంచినీటి కన్నా మన శరీరం మెరుగైన వాహకం కాబట్టి కరెంటు ఒంట్లోంచి దారి వెతుక్కుంటుంది. ఉప్పునీటిలో శరీరం చుట్టూ ఉన్న నీటి గుండానే ఎక్కువ భాగం పారిపోతుంది. పైగా వైరు పడిన చోట ఉన్నంత తీవ్రత దూరం వెళ్లేకొద్దీ ఉండదు. గుంట మొత్తం ఒకే తీరుగా "కరెంటెక్కడం" అనేది జరగదు.

గేమ్‌లలో మాత్రం గుంట అంచు దాకా ఒకేలా కరెంటు ఉంటుంది, అంచు దాటితే సున్నా. 2014లో వచ్చిన డివినిటీ: ఒరిజినల్ సిన్‌లో నీళ్లు, రక్తం లాంటి తడి ఉపరితలాల మీద మెరుపు పడితే ఆ మడుగంతా ప్రమాదకరమవుతుంది. ఇది అబద్ధమే, కానీ చాలా మంచి అబద్ధం. అంచు కంటికి కనిపిస్తుంది కాబట్టి ప్లేయర్ దాని మీద ఆధారపడి ఎత్తు వేయగలడు. మీరూ అంచునే నమ్ముకోండి. నీటి అంచుని గ్రాఫిక్స్‌లో స్పష్టంగా చూపించండి. తడిసిన నేలా, నీళ్లు నిలిచిన నేలా ఒకేలా మెరిసిపోతూ ఉంటే ఏది గుంటో ఏది నేలో తెలియక ప్లేయర్ విసిగిపోతాడు.

దూరాన్ని బట్టి తగ్గే కరెంటుకి చోటే లేదా అంటే, ఉంది. నెమ్మదిగా సాగే హారర్ గేమ్‌లో అది అద్భుతంగా పనిచేస్తుంది. తెగిన హై వోల్టేజీ లైను నేల మీద పడితే చుట్టూ నేలలో వోల్టేజీ దూరంతో పాటు తగ్గుతూ పోతుంది. అప్పుడు రెండు కాళ్లూ వేర్వేరు దూరాల్లో ఉంటే ఆ తేడా వల్ల ఒక కాలి నుంచి ఇంకో కాలికి కరెంటు పారుతుంది. అందుకే అలాంటి చోట చిక్కుకుంటే పాదాలు రెండూ దగ్గరగా ఉంచి, నేల మీదే చిన్నగా జరుపుకుంటూ బయటికి రమ్మంటారు. గేమ్‌లో దీన్ని ఎలా మార్చవచ్చో చూడండి: పరిగెడితే షాక్, నెమ్మదిగా జరిగితే క్షేమం, వెనక నుంచి ఏదో తరుముకొస్తోంది. ఊహించుకుంటేనే టెన్షన్. ఇక్కడ నిజాన్ని తీసేస్తే పజిలే ఉండదు.

మరో ప్రశ్నకీ జవాబు సిద్ధంగా ఉంచుకోండి. నీళ్లలో వైరు పడితే బ్రేకర్ ఎందుకు పడిపోలేదు? లీకేజీని పట్టే పరికరాలు మామూలుగా 30 మిల్లీయాంపియర్ల దగ్గరే, సెకనులో మూడో వంతు లోపే కరెంటు కట్ చేస్తాయి. కాబట్టి మీ భవనంలో ఆ పరికరం పాడై ఉండాలి, లేదా ఎవరో కావాలని దాన్ని తప్పించి వైరు కలిపి ఉండాలి. మూత ఊడి, నల్లగా మాడిన ప్యానెల్ ఒకటి గోడ మీద పెట్టండి చాలు. ఇంకో అడుగు ముందుకేస్తే, ప్లేయర్ ఆ ప్యానెల్‌ని బాగుచేయగానే ట్రాప్ తనంతట తనే ఆగిపోవచ్చు. నాకు లీవర్ లాగడం కన్నా ఇది ఎంతో బాగుంటుంది.

కోడ్ విషయానికొస్తే, పెద్ద సిమ్యులేషన్ అక్కర్లేదు. ప్రతి వస్తువుకీ "కరెంటు పారుతుందా, పారదా" అని ఒక గుర్తు ఇవ్వండి. మూలం దగ్గర మొదలుపెట్టి, ఒకదాన్నొకటి తాకుతున్న వాహకాల వెంట వెళ్తూ అందినవాటన్నిటినీ "లైవ్" అని గుర్తించండి. ఈ లెక్క ప్రతి ఫ్రేమ్‌కీ వద్దు. ఏదైనా వస్తువు కదిలినప్పుడో, స్విచ్ మారినప్పుడో చాలు. వాహకాల జాబితా చిన్నగా ఉంచండి: లోహం, నీళ్లు, తడిసిన ప్రాణి. చెక్క, రబ్బరు, పొడి రాయి కావు. తడి చెక్కలో కరెంటు పారుతుందా అంటే నిజంలో పారుతుంది, కానీ గేమ్‌లో అది చేర్చిన రోజు నుంచి ప్లేయర్‌కి ఏ చెక్క మీదా నమ్మకం ఉండదు. వదిలేయండి.

2017 నాటి బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌ని ఒకసారి గమనించండి. ఉరుముల వానలో లోహపు ఆయుధాలు ఒంటి మీద ఉంటే పిడుగు పడుతుంది. కానీ పడేముందు ఆ ఆయుధం చుట్టూ రవ్వలు కనిపిస్తాయి, తీసేస్తే తప్పించుకోవచ్చు. అదే గేమ్‌లో పజిల్ గదుల్లో లోహపు వస్తువుల్ని అడ్డం పెట్టి కరెంటు దారిని కలపవచ్చు. ఒకే సంబంధం ఒకచోట ప్రమాదమై, ఇంకోచోట పనిముట్టవుతుంది. ఆ స్థిరత్వం ఉంటే ప్లేయర్ మీరు ఊహించని పరిష్కారాలు కూడా కనిపెడతాడు. వాటిని అడ్డుకోకండి.

6. షాక్ తగిలాక ఏం జరగాలి

ఏసీ కరెంటు కండరాల్ని బిగించేస్తుంది. చేతిని మూసే కండరాలు తెరిచేవాటికన్నా బలమైనవి కాబట్టి పట్టుకున్నది వదలలేం. ఎగిరి దూరంగా పడటం కూడా జరుగుతుంది, అది శరీరంలోని కండరాలే ఒక్కసారి బిగుసుకుని తోసేయడం వల్ల. గేమ్‌లో ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోండి. పట్టి ఉంచేదైతే అర సెకనుకి మించి కంట్రోల్ లాక్కోకండి. విసిరేసేదైతే ప్లేయర్ వచ్చిన వైపుకే, క్షేమమైన చోటుకే విసరండి. రెండు సందర్భాల్లోనూ తర్వాత ఒక సెకను ఏమీ తగలకుండా రక్షణ ఇవ్వండి. లేకపోతే షాక్ మీద షాక్ తగిలి, చేతిలో కంట్రోలర్ ఉన్నా ఏమీ చేయలేక చచ్చిపోతాడు.

ఇద్దరు కలిసి ఆడే గేమ్ అయితే నిజమే మీకు గొప్ప సన్నివేశం ఇస్తుంది. ఒకరు నిచ్చెనకి అతుక్కుపోయారు. రెండోవారు చేత్తో లాగితే వారికీ తగులుతుంది. స్విచ్ దగ్గరికి పరిగెత్తాలి. ఆ పరుగులో ఎంత ఆదుర్దా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఎముకలు ఎక్స్‌రేలా కనిపించడం కార్టూన్ గేమ్‌లకి సరదాగా ఉంటుంది, మిగతావాటికి వద్దు.

7. చూపు, శబ్దం

శబ్దంతో మొదలుపెట్టండి. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే ట్రాన్స్‌ఫార్మర్ 100 హెర్ట్జ్ దగ్గర గుయ్‌మంటుంది, 60 హెర్ట్జ్ అయితే 120. ఆ గుయ్‌మనే శబ్దం మూలం ఉన్నచోటి నుంచే రావాలి, అప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న ప్లేయర్ చెవులతోనే స్విచ్‌ని వెతుక్కుంటాడు. ఫోన్ స్పీకర్లలో అంత కింది స్వరం సరిగా వినపడదు కాబట్టి పైన చిటపట శబ్దం కలపండి. హెచ్చరికకి మెల్లగా పైకి లేచే స్వరం బాగుంటుంది. ఇక కరెంటు ఆగిన క్షణంలో శబ్దం పూర్తిగా ఆగిపోవాలి. ఆ నిశ్శబ్దం "ఇప్పుడు కదులు" అని చెప్పినంత స్పష్టంగా ఏ ఐకానూ చెప్పలేదు.

చూపు దగ్గర ఒక హద్దు తప్పనిసరి. మిణుకు మిణుకుమనే వెలుగు కొందరికి మూర్ఛ తెప్పిస్తుంది. 1997 డిసెంబర్‌లో జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకి దాదాపు 12 సార్లు మారిన దృశ్యం చూసి 600 మందికి పైగా పిల్లల్ని ఆసుపత్రులకి తీసుకెళ్లాల్సి వచ్చింది. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు సెకనుకి మూడుకు మించి మెరుపులు వద్దంటాయి. మీ ట్రాప్‌కీ అదే పెట్టుకోండి. తెర మొత్తం వెలిగి ఆరడం బదులు, వెలుగు ఒకే స్థాయిలో ఉండి మెరుపు ఆకారం మాత్రం వంకరలు తిరుగుతూ మారనివ్వండి. చూడటానికి ఇదే బాగుంటుంది కూడా. రంగు ఒక్కదాని మీదే ఆధారపడకండి. కరెంటు ఉన్న నేలకీ లేని నేలకీ ఆకారంలోనూ తేడా తెలియాలి.

8. శత్రువులకీ అదే నియమం

ప్లేయర్‌కి తగిలే నేల మీద శత్రువు హాయిగా నడిచిపోతే మీరు కట్టిందంతా కూలిపోతుంది. శత్రువు ఆ నేలని తప్పించుకుని నడవాలి, లేదా దాని మీద పడి షాక్ తినాలి, లేదా అతని కాళ్లకి లావుపాటి రబ్బరు బూట్లు దూరం నుంచే కనిపించాలి. మూడింటిలో ఏదైనా సరే.

9. చెప్పకూడని అబద్ధాలు

అంకెల్లో స్వేచ్ఛ తీసుకోమన్నాను. అయితే గేమ్‌లో చూసింది ఎవరైనా నిజంగా చేస్తే ప్రాణం పోయే అబద్ధాలు కొన్ని ఉన్నాయి, వాటి జోలికి వెళ్లకండి. షాక్ తగిలి అతుక్కుపోయిన మనిషిని చేత్తో లాగి కాపాడినట్టు చూపించకండి. మామూలు చెప్పులో, బూట్లో వేసుకుని తెగిపడిన లైను దగ్గరికి క్షేమంగా వెళ్లినట్టు చూపించకండి. చేతికి దొరికిన కర్రతో హై వోల్టేజీ వైరుని పక్కకి జరిపినట్టు చూపించకండి. స్విచ్ తీసేయగానే ప్రతి యంత్రమూ క్షేమమే అన్నది కూడా తప్పే, పెద్ద కెపాసిటర్లలో స్విచ్ తీశాక కూడా కరెంటు నిలవ ఉంటుంది. ఈ చివరిదాన్నైతే పజిల్‌గానే వాడుకోవచ్చు: స్విచ్ తీసినా మీటరు ముల్లు మెల్లగా దిగుతూ ఉంటుంది, సున్నాకి వచ్చేదాకా ఆగాలి.

లేజర్ తుపాకులూ మాంత్రికుల మెరుపులూ చూసి ఎవరూ ఇంట్లో ప్రయత్నించరు. కానీ తెగిన వైరూ, నీళ్లు నిలిచిన నేలా, ఇనుప నిచ్చెనా అందరి ఇళ్ల చుట్టూ ఉండేవే. అందుకే ఇక్కడ ఇంత పట్టుదల.

10. పరీక్షించే పద్ధతి

ముందు రంగులూ మెరుపులూ లేకుండా, బూడిద రంగు దిమ్మెలతో టైమింగ్ ఒక్కటే పరీక్షించండి. అప్పటికే బాగోకపోతే ఎన్ని మెరుపులు చేర్చినా బాగుపడదు. తర్వాత శబ్దం ఆపేసి ఒకసారి, తెర వెలుగు తగ్గించి శబ్దంతో ఒకసారి ఆడించండి. రెండు సార్లూ దాటగలగాలి.

ఆ తర్వాత గేమ్ గురించి ఏమీ తెలియని మనిషిని కూర్చోబెట్టి, మీరు నోరు మెదపకుండా చూడండి. షాక్ తగిలి చచ్చిన ప్రతిసారీ ఒకే ప్రశ్న అడగండి: "ఎందుకు చచ్చిపోయారు?" "తెలీదు" అంటే మూలం గానీ దారి గానీ కనిపించడం లేదు, రెండో అడుగుకి వెళ్లి కేబుల్‌ని మళ్లీ గీయండి. "కరెంట్ ఆగిపోయిందనుకున్నా" అంటే మెరుపుకీ హిట్‌బాక్స్‌కీ పొంతన లేదు, ఫ్రేములు సరిచూడండి. "అది రబ్బరు కదా, నిలబడొచ్చనుకున్నా" అంటే మీ జాబితాలో ఒక వస్తువుకి గుర్తు తప్పు పడింది, లేదా ఆ వస్తువు రబ్బరులా కనిపించకూడదు. "తొందరపడ్డాను" అంటే ఆ ట్రాప్‌ని ఇక ముట్టుకోకండి, తర్వాతి గది పని చూడండి.